మైలు లెక్కన కూలి: అమెరికా పడమటి అంచున సర్వేయరు బతుకు

1785 మే 20న అమెరికా కాంగ్రెస్ ఒక భూ శాసనాన్ని ఆమోదించింది. ఒహాయో నదికి అవతలి అడవులను ఎలా కొలవాలో, ఎలా ముక్కలు చేయాలో, ఎలా అమ్మాలో అందులో వివరంగా ఉంది. కొలిచే మనిషికి ఇచ్చే ప్రతిఫలం కూడా అందులోనే ఉంది: గీసిన ప్రతి మైలుకు రెండు డాలర్లు. గొలుసు పట్టేవారి కూలి, చెట్లపై గుర్తులు చెక్కేవారి కూలి, తిండి, ఇంకా ఏ ఖర్చయినా ఆ రెండు డాలర్లలోనే సర్దుకోవాలి. 1796 చట్టం ఈ రేటును మైలుకు మూడు డాలర్లకు మించకుండా పెంచింది, పద్ధతిని మాత్రం మార్చలేదు. అడవిలో దారి చేసుకుంటూ పోయిన సాహసిగా సర్వేయరును చిత్రించడం అమెరికాలో అలవాటు. ఆ చిత్రంలో అబద్ధమేమీ లేదు. అయితే అతను నడిచిన రుతువు, తడిసి పడుకున్న రాత్రి, తొందరలో దొర్లిన తప్పు, కొందరు రాసిన దొంగ లెక్క, వీటన్నిటికీ కారణం వెతికితే ధైర్యసాహసాలకన్నా ఈ మైలు రేటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంత పెద్ద పనిని ఇంత చౌకగా తలపెట్టడానికి కారణం ఖాళీ ఖజానా. స్వాతంత్ర్య యుద్ధం ముగిసేసరికి కొత్త దేశం అప్పుల్లో మునిగి ఉంది. పన్నులు వేసే అధికారం అప్పటి కాంగ్రెస్‌కు లేదు. 1783 పారిస్ ఒప్పందంతో బ్రిటన్ వదులుకున్న పడమటి నేల ఒక్కటే అమ్మడానికి చేతిలో ఉన్న ఆస్తి. కొలవని నేలను అమ్మితే ఏమవుతుందో దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే చూశాయి. వర్జీనియాలో, దాని నుంచి విడిపోయిన కెంటకీలో భూమి హద్దులను ఫలానా ఓక్ చెట్టు నుంచి ఫలానా వాగు మలుపు దాకా అని వర్ణించేవారు. జార్జ్ వాషింగ్టన్ 1749లో, పదిహేడేళ్ల వయసులో, కల్పెపర్ కౌంటీ సర్వేయరుగా చేసింది ఈ రకం పనే. చెట్టు కూలితే, వాగు దారి మార్చుకుంటే హద్దు కోర్టుకెక్కేది. కెంటకీలో ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు పట్టాదారులు తేలిన సందర్భాలకు లెక్కలేదు. థామస్ లింకన్ అనే రైతు అక్కడి హక్కు పత్రాల చిక్కులతో విసిగి 1816లో కుటుంబాన్ని తీసుకుని ఇండియానాకు వెళ్లిపోయాడు. ఇండియానాలో ప్రభుత్వం ముందే కొలిచి గళ్లు గీసిన భూమి దొరికేది. అతని కొడుకు ఏబ్రహాం లింకన్ తర్వాత తానే సర్వేయరు కావడం కాకతాళీయమే కావచ్చు.

గళ్లు గీయడం 1785 సెప్టెంబర్ 30న మొదలైంది. పెన్సిల్వేనియా పడమటి సరిహద్దు ఒహాయో నదిని తాకే చోట, నదికి ఉత్తరపు ఒడ్డున, ‘అమెరికా భూగోళవేత్త’ అనే అధికారిక హోదా ఉన్న థామస్ హచిన్స్ తన పరికరాలు నిలబెట్టి నేరుగా పడమరకు గీత లాగడం ప్రారంభించాడు. కొద్ది రోజుల్లోనే, నాలుగు మైళ్లయినా పూర్తికాకముందే పని ఆగిపోయింది. ముందున్న ప్రాంతంలో ఆదివాసులు దాడి చేశారన్న వార్త రాగానే బృందం వెనక్కి తిరిగింది. ఆ ఏడాది జనవరిలో ఫోర్ట్ మెకింటాష్ వద్ద కొన్ని తెగల పెద్దలతో సంతకాలు చేయించుకున్న ఒప్పందం ప్రకారం ఆ నేల అమెరికాదని ప్రభుత్వం వాదన. ఆ సంతకాలను తమ సమ్మతిగా షానీలు సహా చాలా తెగలు అంగీకరించలేదు. మరుసటి ఏడాది పని మళ్లీ సాగి, 1787లో న్యూయార్క్‌లో మొదటి వేలం జరిగింది. అయినా ఒహాయో లోపలి భాగం సర్వేయర్లకు పూర్తిగా తెరుచుకున్నది మరో పదేళ్ల యుద్ధం, 1795 గ్రీన్‌విల్ ఒప్పందం తర్వాతనే.

గళ్ల నిర్మాణం చూడడానికి సులువు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరం ఒక టౌన్‌షిప్. దాన్ని మైలు చదరాలుగా విడదీస్తే 36 సెక్షన్లు. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. అందులో పదహారో సెక్షన్‌ను బడి నడపడానికి కేటాయించారు. కాగితం మీద ఇంత సాఫీగా ఉన్న లెక్క నేల మీదికి దిగేసరికి మొండికేస్తుంది, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. ఉత్తరానికి గీసిన రెండు గీతలు సమాంతరంగా సాగవు, ధ్రువం వైపు దగ్గరవుతూ పోతాయి. నలభై డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక టౌన్‌షిప్ దక్షిణపు అంచుకన్నా ఉత్తరపు అంచు సుమారు 40 అడుగులు తక్కువ ఉంటుంది. ఈ లోటునూ, కొలతలో పేరుకున్న తప్పులనూ ఉత్తరం వైపు, పడమర వైపు చివరి వరుస సెక్షన్ల మీదికి నెట్టేయాలని నిబంధన పెట్టారు. ఆ వరుసల్లో కొన్నవారికి 640 ఎకరాలు సరిగ్గా రావడం అరుదు.

కొలత సాధనం ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్మండ్ గుంటర్ 1620 ప్రాంతంలో రూపొందించిన గొలుసు. 66 అడుగుల పొడవు, అందులో 100 లింకులు; 80 గొలుసులు కలిస్తే మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. తెలుగు పాఠకులకు ఈ లెక్క పరాయిది కాదు. బ్రిటిష్ పాలనతో మన నేల మీదికి వచ్చిందీ ఈ గొలుసే, ఆంధ్రలో ఎకరంలో నూరో వంతును సెంటు అంటున్నదీ ఈ కొలతల కుటుంబం నుంచే. అడవుల్లో, గుట్టల్లో పూర్తి గొలుసు లాగడం కష్టమని అమెరికా సర్వేయర్లు తరచు 33 అడుగుల సగం గొలుసు వాడేవారు. దాన్ని నాలుగు వైపులా పరిచి చదరం చేస్తే సరిగ్గా తెలంగాణ రైతు చెప్పే ఒక గుంట వస్తుంది. పోలిక అక్కడితో ఆగుతుంది. రైత్వారీ సర్వే అప్పటికే సాగులో ఉన్న చేను గట్టు వెంట నడిచి దానికి నంబరు వేసింది. అమెరికాలో గీత ముందు వచ్చింది, చేను తర్వాత వచ్చి ఆ గీతల మధ్య ఒదిగింది.

ప్రభుత్వం సర్వేయర్లను జీతానికి పెట్టుకోలేదు. సర్వేయర్ జనరల్ కింద డిప్యూటీ సర్వేయర్లనే గుత్తేదారులు ఫలానా టౌన్‌షిప్‌లు ఇంత గడువులో పూర్తిచేస్తామని హామీ పత్రం రాసి పని తీసుకునేవారు. గొలుసుకు ఇద్దరు, గొడ్డళ్లకు ఒకరిద్దరు, జెండా పట్టుకుని ముందు నిలబడడానికి ఒకరు, సామాను మోయడానికి, వండడానికి ఒకరు ఉండేవారు. వారిని వెతికి తెచ్చి, తిండి పెట్టి, కూలి ఇచ్చే భారం గుత్తేదారుదే. గొలుసు పట్టే ఇద్దరూ నిజాయితీగా కొలుస్తామని ప్రమాణం చేయాలి. ముందువాడు గొలుసు బిగించి ఇనుప పుల్ల నేలలో గుచ్చి కేక వేస్తాడు, వెనుకవాడు ఆ పుల్ల దగ్గరికి చేరి బదులు కేక వేసి దాన్ని పీకి తన కట్టలో కలుపుకుంటాడు. పుల్లలన్నీ చేతులు మారాక లెక్కలో ఒక గుర్తు పడుతుంది. ఒక్క పుల్ల ఆకుల్లో పడిపోయినా, ఒక్క గుర్తు మరచిపోయినా హద్దు పదుల అడుగులు జరిగిపోతుంది. వాలు నేల మీద గొలుసును సమతలంగా ఎత్తి పట్టాలి, లేకపోతే కొండ వాలు కూడా దూరంలో కలిసిపోతుంది. గొలుసుకున్న వందల అతుకులు రోజూ రాపిడికి అరిగి, గొలుసు కొద్దికొద్దిగా సాగుతుంది. సాగిన గొలుసుతో కొలిచిన మైలు నేల మీద మైలుకన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి కొన్నవాడికి కాగితంలో రాసినదానికన్నా కాస్త ఎక్కువ దక్కేది. దీని మీద ఫిర్యాదు చేసిన కొనుగోలుదారులు పెద్దగా ఉండి ఉండరు.

ఒక టౌన్‌షిప్‌ను సెక్షన్లుగా విడదీయడమంటే ఎంత పనో లెక్క వేసి చూడవచ్చు. లోపల ఉత్తర దక్షిణాలుగా ఐదు గీతలు, తూర్పు పడమరలుగా ఐదు, ఒక్కోటి ఆరు మైళ్లు. మొత్తం 60 మైళ్లు. అంటే పూర్తి గొలుసును 4,800 సార్లు పరచాలి. లోపలి 25 సెక్షన్ మూలల్లోనూ, ప్రతి మైలుకు మధ్యలో అరమైలు దగ్గర మరో 60 చోట్లా గుర్తులు నాటాలి. తూర్పు పడమర గీతలను మొదట ఒకసారి అంచనాగా నడిచి, చివర ఎంత పక్కకు పోయామో చూసుకుని, వెనక్కి వస్తూ సరిచేసి గుర్తులు పెట్టాలి; అంటే ఆ దారంతా రెండుసార్లు నడక. మూడు డాలర్ల రేటున ఈ టౌన్‌షిప్ మొత్తానికి వచ్చేది 180 డాలర్లు. ఐదారుగురి కూలి, తిండి, గుర్రాల మేత, ఊరి నుంచి అడవికి రానుపోను ప్రయాణం అందులోంచే పోవాలి. వాన పడిన రోజుకు ప్రభుత్వం పైసా ఇవ్వదు, కూలివాడు మాత్రం అన్నం అడుగుతాడు. సర్వేయరు వానలో ఎందుకు పని చేశాడో దీనివల్ల అర్థమవుతుంది.

మూల దగ్గర చేసే పనే మొత్తం సర్వేలో ముఖ్యమైనది. అక్కడ కొయ్య మేకు నాటి, చుట్టూ ఉన్న చెట్లలో రెంటినో నాలుగింటినో సాక్షులుగా ఎంచుకుని, బెరడు చెక్కి, టౌన్‌షిప్, సెక్షన్ అంకెలు మానులో కోసేవారు. ఏ జాతి చెట్టు, మాను ఎన్ని అంగుళాల మందం, మూల నుంచి ఏ దిక్కున ఎన్ని లింకుల దూరం అన్నది ఫీల్డ్ బుక్‌లో రాయాలి. మేకు కుళ్లిపోయినా సాక్షి చెట్ల నుంచి వెనక్కి కొలుచుకుంటూ వస్తే మూల దొరుకుతుంది. చెట్టన్నదే లేని గడ్డి మైదానాల్లో మట్టి దిబ్బ పోసి, పక్కన గుంటలు తవ్వి, కొన్నిచోట్ల కింద బొగ్గు పాతిపెట్టేవారు. బొగ్గు కుళ్లదు కాబట్టి దిబ్బ కరిగినా తవ్వితే ఆధారం మిగులుతుంది. వీటితో పాటు దారిలో కనిపించిన నేల సారం, వాగులు, ఉప్పు ఊటలు, గనుల జాడలు, మిల్లు కట్టడానికి అనువైన చోట్లు అన్నీ నమోదు చేయాలని శాసనం ఆదేశించింది. ప్రభుత్వానికి కావలసింది హద్దు మాత్రమే కాదు, వేలంలో సరుకు గురించి చెప్పుకోవడానికి వివరం కూడా.

చిత్తడి నేలలే సర్వేయరుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఫ్రాన్స్ నుంచి చేసిన లూయిజియానా కొనుగోలుతో వచ్చిన భూభాగాన్ని కొలవడానికి 1815లో ఇద్దరు బయలుదేరారు. ప్రాస్పెక్ట్ రాబిన్స్ ఆర్కాన్సా నది ముఖం నుంచి ఉత్తరానికీ, జోసెఫ్ బ్రౌన్ సెయింట్ ఫ్రాన్సిస్ నది ముఖం నుంచి పడమరకూ గీతలు లాగారు. ఆ రెండు గీతలు కలిసిన బిందువు మోకాలి లోతు నీళ్ల సైప్రస్ బురదలో పడింది. తర్వాత ఆర్కాన్సా, మిస్సోరీ, అయోవా, ఉత్తర డకోటా, ఇంకా దక్షిణ డకోటా, మినసోటాలలో చాలా భాగం ఆ బురద బిందువు నుంచే కొలవబడ్డాయి. అదే ఏడాది మిచిగన్‌కు వెళ్లిన బృందాలు ఇంతకన్నా దిగులుగా తిరిగొచ్చాయి. వారి కబుర్ల ఆధారంగా సర్వేయర్ జనరల్ ఎడ్వర్డ్ టిఫిన్ ఆ ప్రాంతంలో నూటికి ఒక ఎకరం కూడా సాగుకు పనికిరాదేమోనని రాజధాని వాషింగ్టన్‌కు రాశాడు. బ్రిటన్‌తో 1812లో మొదలైన యుద్ధంలో పోరాడిన సైనికులకు అక్కడ ఇవ్వదలచిన 20 లక్షల ఎకరాలను 1816లో ఇల్లినాయ్, మిస్సోరీలకు మార్చారు. తడిసిన, అలసిన కొద్దిమంది మాట మీద ఒక రాష్ట్రపు వలసలు కొన్నేళ్లు వెనకబడ్డాయి. మిచిగన్ దక్షిణ భాగం నిజానికి మంచి వ్యవసాయ భూమి. ఇలాంటి చోట్ల శీతకాలంలో పని పెట్టుకోవడంలో లాభముండేది: బురద గడ్డకడితే దాని మీద నడవవచ్చు, ఆకు రాలితే చూపు దూరం సాగుతుంది, దోమలూ మలేరియా జ్వరమూ ఉండవు. బదులుగా మంచులో గుడారం కింద పడుకోవాలి. 1847లో విస్కాన్సిన్ ఉత్తర అడవుల్లో గీతలు లాగిన హ్యారీ విల్ట్సీ అనే డిప్యూటీ, వరుసగా నాలుగు వారాలు తమ బృందంలో పగలు గానీ రాత్రి గానీ పొడి బట్ట ఒక్కటీ లేదని రాసిపెట్టాడు.

దిక్సూచి మరో చిక్కు తెచ్చిపెట్టింది. అయస్కాంతపు ముల్లు చూపేది అసలు ఉత్తరాన్ని కాదు. ఎంత తేడా అన్నది చోటును బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది. పైగా నేల కింద ఇనుము ఉంటే ముల్లు తన ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంది. మిచిగన్ సర్వేయరు విలియం ఆస్టిన్ బర్ట్ దీనికి పరిష్కారంగా సూర్యుడి స్థానాన్ని బట్టి అసలు ఉత్తరాన్ని చూపే పరికరం చేసి 1836లో పేటెంట్ తీసుకున్నాడు. 1844 సెప్టెంబర్ 19న సుపీరియర్ సరస్సుకు దక్షిణాన, ఇప్పటి నెగానీ పట్టణం దగ్గర అతని బృందం గీత లాగుతుండగా మామూలు దిక్సూచి ముల్లు దాదాపు పడమర వైపు తిరిగి నిలిచింది. చుట్టూ వెతకమని బర్ట్ చెప్పగా మనుషులు ఇనుప రాయి ముక్కలతో తిరిగి వచ్చారు. తర్వాత దేశపు ఉక్కు పరిశ్రమకు దశాబ్దాల పాటు ముడిసరుకు ఇచ్చిన మార్క్వెట్ ఇనుప గనుల శ్రేణి అలా బయటపడింది. ఆ రోజు బర్ట్‌ను మురిపించింది ఇనుము కాదని, తన పరికరం లేకపోతే ఈ నేలను కొలవడం ఎవరి తరమన్న గర్వమేనని పక్కనున్నవారి కథనం. మైలు లెక్కన బతికే మనిషికి అది సహజమైన సంతోషమే. వంకర ముల్లు అంటే మళ్లీ నడవాల్సిన, కూలి రాని మైళ్లు.

సర్వేయరును చూస్తే ఆదివాసులు ఎందుకు మండిపడేవారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తుపాకీ పట్టుకున్న సైనికుడు వచ్చి పోవచ్చు, గొలుసు పట్టుకున్నవాడు వచ్చాక మాత్రం వేలం పాట, దాని వెనుక నాగలి తప్పవు. 1874 ఆగస్టు 24న కాన్సస్ నైరుతి భాగంలో, ఇప్పటి మీడ్ కౌంటీలో, డిప్యూటీ సర్వేయరు ఆలివర్ షార్ట్ బృందం మీద షైయెన్ యోధులు దాడి చేసి ఆరుగురిని చంపారు. చనిపోయినవారిలో షార్ట్‌తో పాటు పద్నాలుగేళ్ల అతని కొడుకూ ఉన్నాడు. ఏడేళ్ల కిందట షైయెన్లతో చేసుకున్న ఒప్పందం, వారి తిండికి ఆధారమైన అడవిదున్నల మందలను వేటగాళ్లు తుడిచిపెడుతుండగా, కాగితంగానే మిగిలిపోయిన కాలమది. పద్నాలుగేళ్ల పిల్లవాడు అక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్నకు జవాబు మళ్లీ మైలు రేటులోనే ఉండవచ్చు: సొంతవారిని వెంట తీసుకుపోతే బయటికి పోయే కూలి తగ్గుతుంది.

ప్రభుత్వపు గుత్తపని దొరకని చిన్న సర్వేయర్లు కౌంటీ పని మీద ఆధారపడేవారు. ఏబ్రహాం లింకన్ ఈ కోవలోకి వస్తాడు. ఇల్లినాయ్‌లోని న్యూ సేలంలో వ్యాపారం చెడి అప్పుల్లో ఉండగా 1833లో శాంగమన్ కౌంటీలో డిప్యూటీ సర్వేయరు పని దొరికింది. ఆ విద్యలో ఓనమాలు తెలియని అతను పుస్తకాలు తెచ్చుకుని కొద్ది వారాల్లోనే నేర్చుకుని, గుర్రం అప్పుగా కొని పనిలోకి దిగాడు. పాత అప్పుల వాళ్లు కోర్టుకు వెళ్లి 1834లో ఆ గుర్రాన్ని, జీనును, సర్వే పరికరాలను జప్తు చేయించారు. ఒక మిత్రుడు వేలంలో వాటిని పాడి తిరిగి ఇవ్వకపోతే ఆ వృత్తి అక్కడే ముగిసేది. 1836లో పీటర్స్‌బర్గ్ పట్టణానికి వీధుల గీతలు గీసింది లింకనే.

చౌక గుత్త పద్ధతి మోసానికి దారులు తెరిచింది. పరిశీలించడానికి వచ్చేవాడు లేని అడవిలో, నడవని మైళ్లను నడిచినట్లు రాయడం కష్టమేమీ కాదు. మిచిగన్ ఉత్తర భాగంలో నేలకూ నోట్సుకూ పొంతన కుదరక చాలా టౌన్‌షిప్‌లను మళ్లీ కొలవాల్సి వచ్చింది. 1880లలో కాలిఫోర్నియా కేంద్రంగా జాన్ బెన్సన్ అనే గుత్తేదారు చుట్టూ అల్లుకున్న బృందం బినామీ పేర్లతో పనులు తీసుకుని, గదిలో కూర్చునే ఫీల్డ్ నోట్సు అల్లి బిల్లులు చేసుకుందని అభియోగాలు వచ్చాయి. లేని చెట్లకు మందం అంగుళాల్లో రాయగలిగిన కల్పనాశక్తి అది. చివరికి 1910లో గుత్త పద్ధతిని రద్దు చేసి, జీతం మీద పనిచేసే సర్వేయర్లను ప్రభుత్వం నియమించుకుంది. అప్పటికి సాగుకు పనికొచ్చే నేలలో ఎక్కువ భాగం కొలవడం, అమ్మడం, 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున పంచడం జరిగిపోయింది.

తప్పుల సంగతిని మాత్రం చట్టం చాలా ముందుగానే తేల్చేసింది. 1805 ఫిబ్రవరి 11న చేసిన చట్టం ప్రకారం, సర్వేయరు నేల మీద ఎక్కడ మూల నాటితే అదే అసలు మూల. కొలత తప్పయినా, గీత వంకర పోయినా, మొదటివాడు నాటిన గుర్తు దొరికినంత కాలం కొత్త పరికరాలతో దాన్ని జరపడానికి వీల్లేదు. వానలో తొందరపడి ఒక గొలుసు లెక్క తప్పిన మనిషి పొరపాటు మీదనే ఈనాటికీ కంచెలు, రోడ్లు, కౌంటీ సరిహద్దులు నిలిచి ఉన్నాయి. మధ్య పడమటి రాష్ట్రాల మీదుగా విమానంలో పోతుంటే గళ్ల మధ్య రోడ్డు ఉన్నట్టుండి పక్కకు జరిగి మళ్లీ నేరుగా సాగేది భూమి గుండ్రదనాన్ని సర్దిన దిద్దుబాటు గీతల దగ్గరే. ఫీల్డ్ బుక్కులకు మరో ఉపయోగం ఈ మధ్య దొరికింది. మినసోటా, విస్కాన్సిన్, మిచిగన్‌లలో వలసలకు ముందు ఏ అడవి ఎక్కడ ఉండేదో, మంటలు ఎంత దూరం పాకేవో తెలుసుకోవడానికి పర్యావరణ శాస్త్రవేత్తలు సాక్షి చెట్ల జాబితాలనే చదువుతున్నారు. మూలకు దగ్గరి చెట్టును వదిలి చెక్కడానికి వీలైన చెట్టును సర్వేయరు ఎంచుకుని ఉంటాడన్న అనుమానాన్ని కూడా వారు లెక్కలోకి తీసుకుంటారు.

రాబిన్స్, బ్రౌన్‌ల గీతలు కలిసిన చోటును నూరేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1921లో రెండు కౌంటీల మధ్య హద్దును తిరిగి కొలుస్తున్న సర్వేయర్లు ఆర్కాన్సా బురదలో నడుస్తూ రెండు పెద్ద చెట్ల దగ్గర ఆగారు. వాటి మానుల మీద 1815లో చెక్కిన సాక్షి గుర్తులు ఇంకా ఉన్నాయి. 1926లో అక్కడ నాటిన రాయి ఇప్పటికీ నీళ్లలోనే నిలబడి ఉంది. దాన్ని చూడడానికి వెళ్లేవారి కోసం బురద మీదుగా చెక్క వంతెన కట్టారు.